చిక్కటి నీళ్లు

ఇన్‌స్పెక్టరుగారికి నీళ్లు తాగే యోగం లేదు.

ఈ మాట నేనన్నది కాదు, మొదటిరోజు నర్సు అన్నది. పక్షవాతం వచ్చి ఆయనకు కుడిచెయ్యి, కుడికాలుతో పాటు గొంతు కూడా సగం చచ్చుబడింది. పల్చటిది ఏది తాగినా పొట్టలోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అందుకని నీళ్లయినా, పాలైనా, పళ్లరసమైనా ఒక తెల్లపొడి కలిపి, గంజిలా చిక్కబెట్టి చెంచాతో పట్టాలి. గ్లాసుకి రెండు కొలతలు. చెంచా వంచితే ధార కట్టకూడదు, ముద్దగా జారాలి. నీళ్లు నమలడమంటే మాట దాటెయ్యడమనే అప్పటిదాకా నాకు తెలుసు. నలభై రెండేళ్లకు దేశం కాని దేశం వచ్చి, ఒక పెద్దాయన చేత నిజంగానే నీళ్లు నమిలించాను.

నేను పెరిగిన ఇంట్లో ముక్కూ మొహం తెలియని మనిషి గుమ్మంలో నిలబడి దాహం అన్నా, ముందు చెంబెడు నీళ్లిచ్చి ఆ తర్వాతే ఎవరు మీరని అడిగేవాళ్లు. అలాంటిది, మంచంలో ఉన్న మనిషి ఎడమచెయ్యి చాపి "నీళ్లు... మామూలు నీళ్లు" అని రోజుకి పదిసార్లు అడుగుతుంటే లేదని చెప్పడమే నా ఉద్యోగం. మొదటి నెల బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చేదాన్ని. రెండో నెల నుంచి ఏడవడం మానేసి విసుక్కోవడం నేర్చుకున్నాను. ఏడుపు కంటే విసుగే నయం, పని జరుగుతుంది.

ఆయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. సంతల్లో, కొట్లలో, పెట్రోలు బంకుల్లో తూకాలు తనిఖీ చేసి కేసులు రాసేవారు. ఒకసారి సొంత బావమరిది కొట్లోనే బరువు తగ్గించడానికి అడుగున సీసం తవ్వేసిన కిలోరాయి దొరికిందట. రాయి జప్తు చేసి కేసు రాశారట. ఆయన భార్య ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదట. ఈ కథ ఆయన కూతురు నాకు కనీసం నాలుగుసార్లు చెప్పింది, ప్రతిసారీ ఇంట్లో బంగారు పతకం తీసి చూపించినట్టు చెప్పేది.

ఆ బుద్ధి పక్షవాతం వచ్చినా పోలేదు. పొడి కలుపుతున్నంతసేపూ ఆయన కళ్లు నా చేతిమీదే ఉండేవి. కొలతచెంచా పైన కాస్త పొడి కుప్పగా నిలబడితే ఎడమచేతి వేలితో గాలిలో గీత గీసేవారు. గీకమని. చాకు అంచుతో చదును చేసి చూపిస్తే తల ఊపేవారు. తొందరలో చెయ్యకపోతే "దొంగ తూకం" అని నత్తిగా అనేవారు.

"అవును నాన్నగారూ, ఈ పొడి మిగిల్చి నేను మేడ కట్టుకుంటున్నాను, రాసుకోండి కేసు" అనేదాన్ని నేను.

నవ్వు ఆయన మొహంలో ఎడమపక్కే వచ్చేది. ఆ సగం నవ్వుకోసం నేను ఎన్ని వేషాలు వేశానో.

నాన్నగారూ అని పిలవమన్నది ఆయన కూతురే. బ్యాంకులో పెద్ద ఉద్యోగం ఆవిడది. భర్త ఇంకో నగరంలో పని, నెలకోసారి వచ్చి పోయేవాడు. నేను చేరినరోజు మేడమ్ అంటే నొచ్చుకుంది. "మేడమ్ గీడమ్ ఏంటి? నన్ను అక్కా అని పిలువు. ఇంత దూరంలో మన భాష మాట్లాడే మనిషి దొరకడమే అదృష్టం. నువ్వు మా ఇంటి మనిషివి" అంది. నన్ను పనిలో పెట్టిన ఏజెన్సీ వాళ్లు పెద్దాయన గదిలో కెమెరా పెట్టుకోమని సలహా ఇచ్చినప్పుడు కూడా "మన ఇంటి మనిషి మీద కెమెరా పెడతామా, ఛీ" అని కొట్టిపారేసింది. ఆ రోజు నేను పొంగిపోయాను. నా బుద్ధికి ఏం చెప్పుకోవాలి! ఇప్పుడు ఎవరైనా ఆ మాటంటే నేనే కెమెరా కొనుక్కొచ్చి మేకు కొట్టి తగిలిస్తాను.

నేను ఈ దేశం రావడానికి కారణం ఒక్కటే, నా కూతురు. దాని తండ్రి దానికి ఆరేళ్లప్పుడు తన దారి తాను చూసుకున్నాడు. మా ఆడపడుచు మాత్రం "మా అన్నయ్య చేసింది వెధవపని" అని పదిమందిలో అని, పిల్లని తన ఇంట్లో పెట్టుకుని నన్ను పంపించింది. ఇక్కడ రూలు సులువుగానే ఉంటుంది, వినడానికి. ఒకే ఇంట్లో రెండేళ్లు ఏ మచ్చా లేకుండా పనిచేస్తే ఇక్కడే ఉండిపోవచ్చు, పిల్లల్ని తెచ్చుకోవచ్చు. కాకపోతే పిల్లలకి పద్దెనిమిది నిండకముందే దరఖాస్తు పెట్టాలి. ఇల్లు మారితే లెక్క మళ్లీ సున్నా నుంచి. నాకు ఇరవైరెండు నెలలు అయ్యాయి. పిల్లకి పద్దెనిమిది నిండడానికి నాలుగు నెలలుంది. అంటే రెండు నెలలు ఇటు, రెండు నెలలు అటు. అక్క అప్పుడే పై అంతస్తులో ఖాళీ గది చూపించి "మీ అమ్మాయి వస్తే ఇందులో ఉంటుంది, కిటికీ పక్కన చదువుకునే బల్ల వేద్దాం" అంది.

అది ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి నా కూతురికి కాలు నిలవడం లేదు. అక్కడ చలి ఎక్కువట కదా అమ్మా, స్వెట్టర్ కొననా, ఏ రంగు కొననా అని వారానికోసారి అడిగేది. ఆగవే, కాగితం చేతికి రానీ అనేదాన్ని. రంగు మాత్రం ముదురు నీలమని నాలో నేను ఎప్పుడో అనుకున్నాను.

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైంది మంచం పక్కన దారానికి వేలాడే పుస్తకం. ఏ గంటకి ఏమిచ్చాం, ఎంతిచ్చాం, దగ్గొచ్చిందా, మూత్రం ఏ రంగులో ఉంది, ఏ పక్కకి తిప్పి పడుకోబెట్టాం, అన్నీ రాసి సంతకం పెట్టాలి. శిక్షణలో మాకు మొదట నేర్పింది ఇదే. పుస్తకంలో రాయకపోతే ఆ పని జరగనట్టే, రాస్తే జరిగినట్టే. నేను ఇరవైరెండు నెలల్లో ఒక్క గడి ఖాళీ వదల్లేదు. వారంవారం వచ్చే నర్సు నా రాతని కొత్తవాళ్లకి చూపించేది.

ఇక అన్నయ్యగారి సంగతి. పెద్దాయనకు ఒక్కడే కొడుకు, ఇదే దేశంలో రెండు గంటల దూరంలో ఉంటాడు. తండ్రిని వృద్ధుల గృహంలో పెడదామని అతను, నా ప్రాణం ఉండగా పెట్టనని అక్క. ఆ గొడవతో ఏడాదిన్నర ఈ ఇంటి మొహం చూడలేదట. తర్వాత ఎవరు దిగొచ్చారో ఏమో, రాకపోకలు మొదలయ్యాయి. కొడుకు వచ్చిన మొదటిరోజు పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని గంటసేపు వదల్లేదు. అతను వెళ్లాక కూడా తలుపు వైపే చూస్తూ కూర్చున్నారు.

మనిషి సరదా మనిషి. రాగానే "ఏం చెల్లెమ్మా, మా నాన్న నిన్నెంత సతాయిస్తున్నాడు?" అనేవాడు. నా కూతురు ఏం చదువుతోందో, ఏ మార్కులొచ్చాయో గుర్తుపెట్టుకుని అడిగేవాడు. చక్రాలకుర్చీ కిర్రుమంటుంటే చొక్కా చేతులు మడిచి తనే నూనె వేశాడు. నా నోరు మంచిది కాదని మావాళ్లంతా అంటారు, నిజమే. కూరగాయలవాడి దగ్గర్నుంచి కన్న తండ్రి దాకా ఎవరినీ వదల్లేదు. కానీ ఒక మగవాడు చెల్లెమ్మా అని ఆప్యాయంగా పిలిస్తే ఆ నోరు ఎక్కడికి పోతుందో తెలియదు. మొహమాటం. మనలో ఎంతమంది దీనివల్ల చెడ్డారో లెక్క లేదు, నేనొకదాన్ని.

ఆ ఆదివారం అక్క సరుకులకి వెళ్లింది. సాయంత్రం నాలుగు కావస్తోంది. అన్నయ్యగారు ఫ్లాస్కుతో వచ్చాడు. మూత తియ్యగానే గదంతా కాఫీ వాసన. పెద్దాయన ముక్కుపుటాలు అదరడం నేను చూశాను.

"నాన్న రోజుకి నాలుగు కప్పులు తాగేవాడు చెల్లెమ్మా. డికాషన్ పల్చగా ఉంటే అమ్మ మీద కేసు రాసేంత పని చేసేవాడు" అని నవ్వుతూ కప్పులో పోశాడు.

"పొడి కలుపుతాను, ఇటివ్వండి" అన్నాను.

"కాఫీలో ఆ జిగురు కలిపితే కాఫీ అంటారా దాన్ని?"

"అన్నయ్యగారూ, వద్దు. పల్చటిది పడదు ఆయనకి. ప్రాణం మీదికొస్తుంది."

"రెండు గుక్కలకి ఏమవుతుంది? మనిషి నోటికి రుచి తెలిసి రెండేళ్లయింది. చూడు, ఎలా చూస్తున్నాడో."

నిజంగానే చూస్తున్నారు. నా వైపు కాదు, కప్పు వైపు. నేను చెయ్యి చాపాను. అతను నవ్వుతూ కప్పు అటుపక్కకి తిప్పి "నువ్వు మా చెల్లెలివి కావూ? మా నాన్నకి నా చేత్తో ఇచ్చుకోనివ్వవా?" అన్నాడు. ఆ కప్పు లాక్కుని పారబొయ్యవలసింది. గట్టిగా అరవవలసింది. నా ఉద్యోగమే అది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తండ్రీకొడుకుల మధ్య నేనెవర్ని అనిపించింది. ఆ ఒక్క క్షణం నేను పనిమనిషిగా ఆలోచించి ఉంటే బాగుపడేదాన్ని. ఇంటి మనిషిగా ఆలోచించాను.

సగం కప్పు తాగారు. మొదటి గుక్కకి కళ్లు మూసుకున్నారు, కంటి కొసల్లోంచి నీళ్లు కారాయి. నాలుగో గుక్కకి దగ్గు వచ్చింది. అప్పుడు మాత్రం నేను అడ్డంపడి, ముందుకి వంచి వీపు నిమిరాను. దగ్గు ఆగింది. ఆయన నన్ను చూసి సగం మొహంతో నవ్వారు. అంత సంతోషంగా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. అది కూడా నిజమే, దాచను.

దారానికి వేలాడుతున్న పుస్తకం తీసుకున్నాను. పెన్ను మూత తియ్యగానే అన్నయ్యగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెల్లెమ్మా, ఇది రాయకు. అక్కకి తెలిస్తే నన్ను మళ్లీ ఈ గడప తొక్కనివ్వదు. నీకు దణ్ణం పెడతాను."

నిజంగానే రెండు చేతులూ జోడించాడు. యాభై ఏళ్ల మనిషి, వయసులో పెద్దవాడు, నాకు దణ్ణం పెడుతుంటే తల కొట్టేసినట్టయింది. "అయ్యో, అదేం పని అన్నయ్యగారూ" అన్నాను. పుస్తకంలో ఇలా రాశాను: నాలుగు గంటలు, నీళ్లు, వంద మిల్లీలీటర్లు, చిక్కగా, దగ్గు లేదు. కింద నా సంతకం. ఎప్పటిలాగే గుండ్రటి చేతిరాత.

మంగళవారం పొద్దున ఆయన ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే గురగుర శబ్దం. ఆంబులెన్సు, ఆసుపత్రి. అక్క ఆఫీసు నుంచి, అన్నయ్యగారు వాళ్లింటి నుంచి పరిగెత్తుకొచ్చారు. డాక్టరు ఎక్స్‌రే చూసి ఊపిరితిత్తుల్లో న్యుమోనియా అన్నాడు. పల్చటిదేదైనా ఇచ్చారా అని అడిగాడు. తెలిస్తే ఏ మందు ఇవ్వాలో తేలుతుందన్నాడు.

నేను అన్నయ్యగారి వైపు చూశాను. అతను గోడమీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలు చదువుతున్నాడు. చెప్తాడేమో అని ఎంత చూసినా ఆ బొమ్మలు తరగడం లేదు. అక్కడ మంచంమీద ఆయన ఎగశ్వాస తీస్తున్నారు. ఇక ఆగలేక "ఆదివారం సాయంత్రం కాఫీ లోపలికి వెళ్లింది, అరకప్పు" అని చెప్పాను. ఎవరిచ్చారో చెప్పలేదు. ఇచ్చినవాడు పక్కనే ఉన్నాడు కదా, చెప్పుకుంటాడు, నేను చెప్పడం ఏం మర్యాద అనుకున్నాను. పప్పులో కాలేశాను. కాదు, పొయ్యిలో పెట్టాను.

డాక్టరు రాసుకున్నాడు. ఆ మందుకే పెద్దాయన కోలుకున్నారు. ఎనిమిదోరోజు ఇంటికి తీసుకొచ్చారు. ఆయన ఇంటికి రాకముందే ఆసుపత్రి కాగితం ఏజెన్సీకి చేరింది.

మర్నాడు పదిగంటలకి ఏజెన్సీ సూపర్‌వైజరు వచ్చింది. ఈ దేశపు మనిషి, మన భాష రాదు, చెడ్డ మనిషి కూడా కాదు. పెద్దాయన మంచం పక్కనే కుర్చీలు వేశాం. ఆవిడ ఒళ్లో ఆసుపత్రి కాగితం, దానిమీద మన పుస్తకం. ఒకదానిలో కాఫీ, ఇంకోదానిలో చిక్కటి నీళ్లు, రెండిటిలోనూ అదే ఆదివారం. కాఫీ సంగతి చెప్పింది నువ్వే, పుస్తకంలో అబద్ధం రాసింది నువ్వే, కాఫీ ఇచ్చింది ఎవరు అని అడిగింది.

"అన్నయ్యగారు" అన్నాను.

అతను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "నేనా?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు, ఆశ్చర్యమే ఉంది. "నేను పది నిమిషాలు కూర్చుని వెళ్లాను. పుస్తకంలో ఉందేమో చూడండి." చెల్లెమ్మా అనలేదు. ఆవిడతో ఈ దేశపు భాషలో ఇంకో ముక్క కూడా అన్నాడు, ఆ రోజు నేనే నా కోసం ఫ్లాస్కులో కాఫీ పెట్టుకున్నానని.

నాకు ఒళ్లు మండిపోయింది. "దణ్ణం పెట్టలేదా మీరు నాకు? రెండు చేతులూ ఎత్తి? రాయకు చెల్లెమ్మా అనలేదా?"

"అరిస్తే అబద్ధం నిజమవుతుందా అమ్మా?"

అక్క వైపు తిరిగాను. అక్క కింద తివాచీ వైపు చూస్తోంది. అప్పుడు నాకు ధైర్యమిచ్చే మనిషి ఒక్కరే కనిపించారు. బావమరిది మీద కేసు రాసిన మనిషి. కొలతచెంచా మీద చిటికెడు పొడి ఎక్కువైతే ఒప్పుకోని మనిషి.

"నాన్నగారినే అడగండి. ఆయన చెప్పిందే నాకు సమ్మతం" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు గెలిచేశానని ధీమా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

అక్క లేచి తండ్రి మంచం దగ్గరికెళ్లింది. "నాన్నా, ఆ రోజు కాఫీ ఎవరిచ్చారు? చేత్తో చూపించు."

ఆయన ముందు కొడుకుని చూశారు. చాలాసేపు చూశారు. కొడుకు నవ్వడం లేదు, కళ్లతో ఏమీ చెప్పడం లేదు, తల దించుకున్నాడు. తర్వాత నన్ను చూశారు. ఎడమచెయ్యి దుప్పటి మీంచి లేచింది. పొడి గీకమని గాలిలో గీత గీసే వేలు అదే. అది నా వైపు తిరిగి ఆగింది.

"ఈ అమ్మాయే" అన్నారు. ఇరవైరెండు నెలల్లో ఆయన నోట ఇంత స్పష్టంగా వచ్చిన మాట ఇంకోటి లేదు. రోజూ నన్ను తల్లీ అని పిలిచేవారు.

సూపర్‌వైజరుకి అనువాదం అక్కర్లేకపోయింది. వేలు ఏ భాషలోనైనా వేలే. ఆవిడ రాసుకుంది, నా చేత సంతకం పెట్టించుకుంది, రేపటి నుంచి వేరే మనిషి వస్తుందని చెప్పి వెళ్లిపోయింది. అన్నయ్యగారు ఆవిడని కారు దాకా సాగనంపి అటునుంచి అటే పోయాడు.

నేను వంటింట్లోకి వెళ్లి సింకు ముందు నిలబడ్డాను. కడగడానికి ఏమీ లేకపోయినా కుళాయి తిప్పాను. వెనకాలే అక్క వచ్చింది. కుళాయి కట్టేసింది.

"నాకు తెలుసు" అంది.

తిరిగి చూశాను.

"ఆదివారం నాన్న చొక్కా ఉతకడానికి వేసింది నేను. కాలరంతా కాఫీ మరక. నువ్వు కాఫీ తాగవు. ఫ్లాస్కు మీద మా తమ్ముడి ఆఫీసు బొమ్మ కూడా ఉంది, మర్చిపోయి వదిలేసి వెళ్లాడు. దాచేశాను."

నా నోట మాట రాలేదు. నా నోట!

"కోప్పడకు చెల్లీ. వాడి పేరు రాస్తే వాడు నాన్న దగ్గరికి రాకుండా ఆపేస్తారు. ఏడాదిన్నర తర్వాత ఇప్పుడే వస్తున్నాడు. నాన్నకి ఉన్నది వాడొక్కడే కొడుకు. వాడికి బదులు ఇంకోడు దొరకడు కదా. నీకైతే ఇంకో ఇల్లు దొరుకుతుంది. నేను కూడా నీ గురించి మంచిగా నాలుగు ముక్కలు రాసిస్తాను."

"నా కూతురికి నాలుగు నెలల్లో పద్దెనిమిది నిండుతాయక్కా. ఇంకో ఇల్లంటే ఇంకో రెండేళ్లు. అప్పటికి దాన్ని తెచ్చుకోవడానికి వీల్లేదు. మీకు తెలుసు. పైన గది చూపించింది మీరే."

అక్క పొయ్యి మీద లేని మరకని వేలితో తుడిచింది. "తెలుసు" అంది. "ఈ సాయంత్రానికి మాత్రం నాన్నకి నువ్వే పట్టు. కొత్త మనిషి రేపు గానీ రాదు. ఎంతైనా నువ్వు మా ఇంటి మనిషివి" అంది.

ఆ మాటకి ఆవిడ మొహం మీద గ్లాసు విసరనందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నాలుగు గంటలకి పెద్దాయన గదికి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది, కానీ ఆయన గొంతు ఎండిపోతుందని నా కాళ్లు వాటంతటవే కదిలాయి. గ్లాసులో నీళ్లు పోశాను. కొలతచెంచాలో పొడి తీసుకుని చాకు అంచుతో గీకాను. ఆయన చూడటం లేదు. మొహం గోడవైపు పెట్టుకున్నారు. రెండో చెంచా కూడా గీకాను. కలిపి, చెంచా వంచి చూశాను, ముద్దగా జారింది.

"ఇటు చూడండి. తూకం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి" అన్నాను.

మొహం ఇటు తిప్పారు. రెండు కళ్ల నిండా నీళ్లు. "తల్లీ... వాడు... మళ్లీ రాడు..." అన్నారు. ఎంత కష్టపడి అన్నారో. అర్థం కాకపోవడానికేముంది, నాకూ ఒక పిల్ల ఉంది. బిడ్డ కోసం మనిషి ఎంతకైనా దిగుతాడని నాకు ఆయన చెప్పాలా? కానీ ఆయన తన బిడ్డని దగ్గర ఉంచుకోవడానికి నా బిడ్డని తక్కెట్లోంచి తీసి కింద పడేశారు. అది మాత్రం నేను క్షమించను. చచ్చేదాకా క్షమించను.

"నన్ను తల్లీ అనకండి" అన్నాను. "నోరు తెరవండి."

తెరిచారు. చెంచా చెంచాగా గ్లాసంతా పట్టాను. గడ్డం కిందికి పెట్టి మింగించాను, బుగ్గలో ఏమైనా మిగిలిందేమో వేలితో చూశాను, మూతి తుడిచాను. అరగంట నిటారుగా కూర్చోబెట్టాను. తర్వాత పుస్తకం తీసుకున్నాను. నాలుగు గంటలు, నీళ్లు, వంద మిల్లీలీటర్లు, చిక్కగా, దగ్గు లేదు. ఆ ఆదివారపు గడిలో రాసిన అక్షరాలే. ఈసారి నిజం.

పెట్టె సర్దుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మెట్ల మీద కూర్చుని మా ఆడపడుచుకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అది ఒక్క ముక్క కూడా అడ్డు రాకుండా విన్నది. చివర్లో "అన్నని కాపాడుకోవడానికి నేను కూడా అలా చేసుంటే నీ గతేంటి వదినా" అంది. ఏడుస్తోందని గొంతు వల్ల తెలిసింది. పిల్లకి తను చెప్తానంది. వద్దు, నేనే చెప్తానన్నాను.

ఫోన్ చేతులు మారింది. నేను నోరు తెరిచేలోపే నా కూతురు అందుకుంది.

"అమ్మా, బజార్లో ఉన్నాం. ముదురు నీలం ఉంది, లోపల బొచ్చు కూడా ఉంది. ఇదొక్కటే మిగిలిందట. అత్త చూడు, ఏమీ చెప్పకుండా నిలబడింది. కొనేయనా?"

పై అంతస్తులో ఆ ఖాళీ గది తలుపు తెరిచే ఉంది. కొత్త మనిషి కోసం అక్క మంచం మీద దుప్పటి దులుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కొనొద్దమ్మా" అన్నాను.